ఎత్తు

మా ఊరి పేరు టాంబ్లిన్ హైట్స్.
హైట్స్ అంటే ఎత్తులు.
ఊరు మొత్తం గాలించినా ఎత్తు అనదగ్గది రైలుకట్ట,
దాని తర్వాత, స్కూలు వెనక గడ్డి మొలిచిన చెత్తగుట్ట.
మంచు పడితే పిల్లలు దాని మీంచే జారతారు,
కింద ఎవరి పాత ఫ్రిజ్ ఉందో తెలియకుండా.

ఇరవై తొమ్మిదేళ్లు ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చదివాను.
ఈ ఊరి చరిత్ర నాకు నేలమాళిగ మెట్ల మీంచే తెలుసు.
వాన కురిసిన మర్నాడు ఏ మాళిగలోకి దిగినా
ఉల్లిపాయ వాసన.
కొత్తగా వచ్చినవాళ్లు వంటింటిని అనుమానిస్తారు.
వంట మీది కాదండీ, బూర్స్మా వాళ్లది, అంటాను.

గెరిట్ బూర్స్మా, కర్రచెప్పుల మనిషి,
మోకాటి లోతు నల్లబురదలో నిలబడి
మూరెడేసి మట్టి గొట్టాలు వరసగా పాతాడు.
కొడుకులు ఏడుగురు, గొట్టాలు పదకొండు వేలు.
చిత్తడి కాలవలోకి దిగిపోయింది, ఉల్లి లేచింది.

అంతకు ముందు?
పొటావాటమీలు ఈ నీటి మీద
అడవి వరి కంకుల్ని పడవల్లోకి దులుపుకునేవాళ్లు.
ఈ చోటుకి వాళ్ల మాటలో ఒక పేరు ఉండే ఉంటుంది.
సర్వేయరు చిట్టాలో రెండే మాటలు: పనికిరాని నేల.
పనికిరాని నేల మీంచి కూడా
మనుషుల్ని తరిమారు మరి.

యుద్ధం అయ్యాక క్లైడ్ టాంబ్లిన్ వచ్చాడు,
జేబులో నాలుగు పెన్సిళ్లు, బూట్లకి రబ్బరు తొడుగులు.
బూర్స్మా మనవడితో ఎకరాల లెక్క తేల్చుకుని
పల్లానికి హైట్స్ అని పేరు పెట్టాడు.
అదీ ఒక ఎత్తే.
వీధులకి కూతుళ్ల పేర్లు,
కూతుళ్లు అయిపోయాక కుక్కల పేర్లు.
నేనుండేది డచెస్ వీధి.

యాభై నాలుగు నవంబరులో ఓటింగు.
పక్కనున్న మహానగరం మింగేస్తుందని భయం.
ఫైరింజను షెడ్డులో, ఉల్లిగంపలోంచి తీసి తీసి లెక్కపెట్టారు:
రెండొందల పన్నెండు, నూట తొంభై ఎనిమిది.
పద్నాలుగు కాగితాల తేడాతో మేమూ ఒక నగరం.
నీళ్లు మాత్రం ఇప్పటికీ ఆ మహానగరానివే.
బిల్లులకి అంకెలు రాసేది నేను, నాకు తెలీదూ?

ఇదంతా ఒక ఎత్తు.
రోజెటా వీధిలో పదిహేడో నంబరు ఇల్లు ఒక ఎత్తు.

ఓడెస్సా పెటివే ఆరూ నలభై బస్సుకి వచ్చి
ఆ ఇంట్లో చొక్కాలు ఇస్త్రీ చేసేది.
అయిదూ పది బస్సు తప్పిపోకూడదు.
దస్తావేజులో ఏడో షరతు:
తెల్లవాళ్లకి తప్ప అమ్మరాదు, అద్దెకివ్వరాదు,
పనివాళ్లయితే తప్ప ఇతరులు ఉండరాదు.

ఎనభై ఏడులో ఆ ఇల్లు కొన్నది
ఆమె మనవరాలు లవీనియా.
కాగితాల్లో ఏడో షరతు అలాగే ఉంది.
అది చెల్లదులెండి, పట్టించుకోకండి అన్నాడట వకీలు.
ఆమె పట్టించుకుంది.
ఫ్రేము కట్టించి, మాళిగలో,
సంప్ పంపుకి జానెడు పైన తగిలించింది.
హాల్లో పెట్టలేదేం అని అడిగాను ఓసారి.
"నీళ్లొస్తే ముందు ఇది తడవాలి."

మొన్న ఏప్రిల్, నా ఆఖరి రౌండు. రాత్రంతా వాన.
ఎక్కడో బూర్స్మా గొట్టం చిట్లి ఉంటుంది,
గుంటలో నీళ్లు నల్లగా, పాత దారి తడుముకుంటూ.
పంపు దగ్గి దగ్గి తోడుతోంది,
తోడినకొద్దీ కింది నుంచి మా ఊరు ఊరుతోంది.

ఫ్రేము అడుగున ఒక మూల చెమ్మ పట్టి
'రాదు' అన్న మాట ఉబ్బింది.

టార్చి వేసి మీటరు చూశాను.
"ఈ నీళ్లు లెక్కలోకి వస్తాయా?" అంది మెట్ల మీంచి.
నగరం పంపినవే వస్తాయమ్మా,
ముందు నుంచీ ఉన్నవి రావు.

అంకె రాసుకుని పైకొచ్చాను,
మోచేతి దాకా ఉల్లి వాసన.