బడికి వెళ్ళేది నేనొక్కణ్ణే

మా ఇంట్లో బడికి వెళ్ళేది
నేనొక్కణ్ణే.
ఏడున్నరకి టిఫిన్ డబ్బా, ఇస్త్రీ చొక్కా,
జేబులో ఎర్రసిరా పెన్ను.
తొమ్మిదేళ్ల మేఖల
దుప్పట్లోంచి ఒక కన్ను తెరిచి
"ఇవాళ ఏం చెప్తారు నాన్నా నీకు?" అంటుంది.
చెప్పేది నేనని ఎన్నిసార్లు దిద్దినా
దాని ప్రశ్న మారదు.

వారాసిగూడలో మా వాటా రెండో అంతస్తు.
నీళ్లు రోజు విడిచి రోజు.
వాల్వు తిప్పే సాయిలు ఈల వినగానే
చెప్పుల్లేకుండా కిందికి పరిగెత్తి
సంపు పక్కన బోర్లా పడుకుని
వెదురుకర్రతో లోతు కొలుస్తుంది.
కర్రకి గోళ్లరంగుతో గీతలు పెట్టింది,
వాళ్లమ్మ సుభాషిణి సీసా ఖాళీ చేసి.
ఏ గీత దాకా వస్తే
పైవాటా వాళ్లతో తగువుండదో
దానికి తెలుసు.
నాకు తెలీదు.
నేను అప్పటికి తార్నాకలో
ఏడో తరగతికి ఘనపరిమాణం చెప్తుంటాను.

సీతాఫల్‌మండి స్టేషన్లో ఓ ఆదివారం
ఎంఎంటీఎస్ ఆలస్యమైంది.
పసుపు బోర్డు మీద ఒకే పేరు నాలుగు లిపుల్లో.
చాలాసేపు చూసింది, ఏమీ అనలేదు.
సికింద్రాబాద్‌లో దిగగానే
జనంలో నా చెయ్యి విడిపించుకుని
బోర్డు దగ్గరికి పోయింది.
"ఉర్దూ కుడి నుంచి చదవాలి నాన్నా" అంది.
ఎవరు చెప్పారే?
"రెండు పేర్లకీ మొదట స కదా.
రెండు బోర్డుల్లోనూ ఆ మూడు పళ్ల దువ్వెన
కుడి చివరే ఉంది."
చదువుకునే రోజుల్నించీ
ఆ బోర్డు కిందే రైలెక్కుతున్నాను.
దువ్వెన కనపడలేదు.

అట్లాగని అన్ని రోజులూ ఇలా ఉండవు.
మొన్న వానాకాలం మూడు వారాలు
ఏ పుస్తకమూ ముట్టలేదు.
వంటింటి కిటికీ అవతల, ఏసీ డబ్బా మీద
పావురం పొదుగుతుంటే
గట్టెక్కి కూర్చుని చూడటమే పని.
మా బావ చంద్రమౌళి వచ్చి
"పదో తరగతి సంగతేంటోయ్?" అన్నాడు.
ఓపెన్ స్కూలుందిగా అంటూనే
చాపలోంచి పుల్లలు లాగుతూ కూర్చున్నాను.
ఆ రాత్రి నిద్రపట్టక
గ్యాస్ బండ తేదీ కోసం కేలెండర్ తిప్పితే
పాల లెక్కల పక్కన పెన్సిలు చుక్కలు.
పద్దెనిమిదో చుక్క దగ్గర: ఒకటి వచ్చింది.
ఇంకో నాలుగు రోజులకి: రెండోది రాదు.
ఆ గుడ్డుని కరివేపాకు కుండీలో పూడ్చిందని
సుభాషిణి తర్వాత చెప్పింది.
ఏడ్చిందా, అనడిగాను.
"నువ్వు బడిలో ఉన్నప్పుడు" అంది.

ఉండబట్టలేక ఒకసారి
నా పరీక్ష కాగితంలోంచి లెక్క ఇచ్చాను.
ఒక కొళాయి తొట్టిని ఆరు గంటల్లో నింపును,
మరొకటి మూడు గంటల్లో.
రెండూ తెరిచిన ఎంతసేపు?
పెన్సిలు కొరుకుతూ అడిగింది,
"రెండూ ఒకే లైనువా?
అయితే రెండోది తిప్పగానే
మొదటిదాంట్లో ధార సన్నబడుద్ది.
పైవాటా వాళ్లు మోటారేశారా?"
జవాబు రెండు గంటలు, అన్నాను.
"ఏ కాలనీలో?" అంది.

దానికి పదిహేడో ఎక్కం రాదు.
రాదనే రాస్తున్నాను, దాచడం లేదు.

మర్నాడు ఏడో తరగతి బి సెక్షన్లో
అదే లెక్క బోర్డు మీద రాశాను.
నలభై రెండు తలలు వంగాయి.
నలభై రెండు నోటుబుక్కుల్లో రెండు గంటలు.
ఎర్రసిరాతో రైట్లు కొట్టుకుంటూ పోయాను.
పిల్లల తప్పేం లేదు.
వాళ్లలో ఎవరింట్లో
ఆ పొద్దున నీళ్లు రాలేదో
నేనూ అడగలేదు.

"ఇవాళ ఏం చెప్పారు నాన్నా నీకు?"
గుమ్మంలోనే అందుకుంది.
చెప్పులు విడుస్తూ
ఈసారి దిద్దలేదు.
మూడో గీత రంగు వెలిసిందట,
కర్ర కదలకుండా పట్టుకోమంది.