అట్టముక్క

రాత్రి పికప్ కింద పరిచిన టీవీ పెట్టె అట్టని
పొద్దున్నే లాగి ఎండలో పెట్టాడు
కావలి షెడ్డులో కాలేషా.

"నల్లచుక్క ఇంజిన్‌ది. ఇరవయ్యేళ్ల బండి,
ఆమాత్రం చెమట పట్టదా?
ఈ పచ్చది చూడబ్బయా"
అంటూ వేలికి రాసుకుని వాసన పట్టాడు.
"తియ్యగా ఉండాది. కూలెంటు.
కుక్క నాకితే చస్తది, మన్ను పొయ్యి."

రేడియేటర్ హోసు మలుపులో, క్లిప్పు కింద,
తెల్లగా పేరుకున్న మరక.
జువ్వలదిన్నె రేవు గాలి
అంటించిన ఉప్పనుకున్నా ఇన్నాళ్లూ.

క్లిప్పు నలభై రూపాయలు.
నల్లచుక్క జోలికి పోలేదు.
"అది కారినన్నాళ్లు లోపల ఆయిలున్నట్టే.
ఆగిన్రోజు తోలబాక, ఫోన్ చెయ్యి."

అట్ట మడిచి సీటు వెనక దోపాను.
తుమ్మలపెంట దాటాక బండి ఆపి
ఓసారి వంగి చూశా:
నల్లగా ఒకటి, రోడ్డు మీద.
ప్రాణం కుదుటపడింది.