గుండూ బద్దా

కాశీబుగ్గ జీడి బట్టీలో, గ్రేడింగు బల్ల కాడ
ఎనిమిది మందిమి.
అందర్లోకీ పెద్దదాన్ని నానే,
ముప్పయ్యేళ్ళ చెయ్యి.

ఆ సోమారం కొత్తగుంట వొచ్చింది, ఢిల్లేశ్వరి,
మందస నుంచి తొలి బస్సుకి.
వేళ్ళకింకా సొన మచ్చల్నేవు.

పప్పొకటి ఎత్తి "బద్ద" అన్నాను,
పక్కకి అందించేను.
ఆశిరమ్మ బద్దంది. నీలవేణి తలెత్తకుండా బద్దంది.
బల్ల పొడుగునా బద్ద, బద్ద, బద్ద,
రేకు మీద చినుకులు పడ్డట్టు.

గుంట దాన్ని అటూ ఇటూ తిప్పింది.
గోటితో గీసింది. సీలిక నేదు.
"గు" అందామని పెదాలు గుండ్రంగా సుట్టింది, నాను సూసేను.
మా మొకాలు సూసింది.
పెదాలు మూసి తెరిచేసరికి
"బద్ద."

మేస్త్రీ కసరలేదు. కూలి కొయ్యలేదు.
ఎవులూ ఏటీ అన్నేదు.
అదే సాలింది.

సెప్పకూడని మాటొకటుంది:
నా కుడికంట్లో పొర, రెండేళ్ళయింది.
గుండుకీ బద్దకీ తేడా వేళ్ళతో ఎతుక్కుంటన్నాను.
ఆ పూట ఎతకలేదు, ఊరికే అనీసేను.
నా పొరే బల్ల చుట్టూ తిరిగి
ఆ గుంట కంట్లో దిగింది.

మర్నాడు మరో పప్పు. నాను మళ్ళీ బద్దన్నాను.
దాలమ్మ, ఎన్నడూ నోరిప్పంది,
"గుండునాగుందే" అని గొణిగింది.
గొణుగుడే.
ఢిల్లేశ్వరి నడుం నిటారైంది.
"గుండే" అంది, నా కేసి సూసి.

నానేటంటాను?
గుండ్ల బుట్ట దాని ముందుకి తోసేను.
ఆశిరమ్మా ఓ చెయ్యేసింది.
అది సూసి, నీలవేణీ.