రోహిణిలో ఉప్పుటేరు

నాలుగున్నరకి రమ్మంటే ఏడుకొచ్చారు.
పోటు వచ్చిపోయింది,
అదేమన్నా మీ ఆఫీసు లిఫ్టా సార్, నొక్కితే వచ్చేదానికి.
సరే, ఎక్కండి.
ఏకాంబరం అంటే చాలు, గైడు అనబాకండి.

టోపీ కింద తడిగుడ్డ పెట్టుకోండి.
రోహిణికి రోళ్ళు పగులుతాయంటారు గానీ
మా ఇసకపల్లిలో ఇప్పుడన్నీ మిక్సీలే,
పగిలేది పెదాలు.

నీళ్ళలో చెయ్యి పెట్టండి రొంత.
వార్చిన గంజి మాదిరి లేదూ?
పండుగప్ప పైకెందుకొస్తది?
మడచెట్ల వేళ్ళల్లో, పాత వంతెన కాళ్ళకాడ
అదీ నడుం వాల్చుంటది.
ఆడికి విసరండి. ఆడ కాదు,
నీడ తెగిన చోట.

సముద్రంలో వేట బంద్.
మా బోటు ఇసకలో బోర్లా పడుకోనుండాది.
ఈ రెండు నెల్లూ
చేపల అడ్రసులు చెప్పి బతకతా.
మా నాయనుంటే నవ్వును,
పట్టి అమ్మేవోడివి, చూపించి అమ్ముతుండావేందిరా అని.

అదిగో!
లాగబాకండి. పోనీండి, పోనీండి...
ఇప్పుడు చుట్టండి.

నాలుగు కిలోలకి తగ్గదు.
చేతులు తడుపుకోండి ముందు,
పొడి చెయ్యి దానికి వాత.
ఫోటో ఒకటే. ఈ వేడి నీళ్ళలో
దానికి ఊపిరి చాలదు.
వదులుతానన్నారు గదా, విసిరేయబాకండి.
మూతి ఏటికెదురు పెట్టి
పొట్టకింద చెయ్యేసి ఊరికే ఉండండి.
ఇంకా.
ఇంకా రొంతసేపు.

పోయింది చూడండి, మొహాన నీళ్ళు కొట్టి.

కిలో ఆరొందలు, అల్లూరు సంతలో.
నేను లెక్కేసుకోలేదనుకోబాకండి.
ఆ బాటిల్ ఇట్టివ్వండి,
గొంతెండిపోయింది.