కొయ్యతల

పార్సిల్ విప్పితే తల బయటపడింది.
నూకాలు కెవ్వుమంది.
కళ్ళు లేవు, ముక్కు లేదు, మెడ కింద ఏమీ లేదు,
నున్నటి కొయ్య, పాత పీటంత నలుపు.
"లూటన్ నుంచండీ. టోపీలోళ్ళ ఊరంట.
అక్కడేదో కార్ఖానా మూసేసి సామాన్లమ్మేస్తుంటే
మన కంపెనీవోళ్ళు కొన్నారంట" అన్నాడు
ఏజెంటు ధనరాజు, చెమట తుడుచుకుంటూ.
"ఇకమీదట టోపీలన్నీ దీనిమీదే ఆరబెట్టాల.
కొలత తప్పిందో, డబ్బుల్లేవు."

అప్పటిదాకా మా కొలత కృపావరం.

రుస్తుంబాద మొత్తానికి
ఇంగ్లండు టోపీకి సరిపడే తల ఆయనదొక్కటే.
ఇరవై రెండున్నర అంగుళాలు,
పైగా ముప్ఫై ఏళ్ళకే బట్టతల.
పంటు దిగొచ్చి కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూచుంటే
నలుగురాడాళ్ళం మూగేవాళ్ళం,
తడి లేసు టోపీ ఒకటి తీసి ఇంకోటి తొడుగుతూ.
గంజి చెంపల మీదుగా కారేది.
"కదలకు మావా" అంటే కదిలేవాడు కాదు,
బీడీ మాత్రం ఆర్పేవాడు కాదు.
దొరసానుల టోపీల్లో కొన్నాళ్ళైనా
ఆ వాసన ఉండే ఉంటుంది.

పంటు గొలుసు తెగి తలకి తగిలిన ఏడు
ఎడమ చెవి పైన ఉసిరికాయంత బొడిపె మిగిలింది.
ఆసుపత్రి నుంచి తెచ్చిన మూడోనాడే
ఆర్డరు గడువు.
పదకొండో వరసలో, సరిగ్గా అక్కడ,
రెండు గొలుసులు ఎక్కువేసి సర్దాను.
గొలుసు కొట్టిన చోట గొలుసు.
ఎవరూ పట్టుకోలేదు.
పద్నాలుగేళ్ళు
సముద్రం అవతల ఏ తోటల్లోనో, ఏ పెళ్ళిళ్ళలోనో
ఎండలాంటి ఎండ లేని చోట పెట్టుకున్న టోపీల్లో
మా ఆయన బొడిపెకి చోటుంది,
ఖాళీగా.

ఆయన పోయాక నెల్రోజులు
కుండ బోర్లించి చూశాం.
కుండకి నుదురుండదు.

రాత్రి బల్బు కింద కొయ్యతలని తిప్పి చూశాను.
నుదుటి గీత పొడుగునా గుండుసూదుల బెజ్జాలు,
చెద తిన్నట్టు, వేలకి వేలు.
ఒకే చోట మళ్ళీ మళ్ళీ గుచ్చిన చెయ్యి ఎవరిదో.
వెనకవైపు కొన్ని వరస తప్పాయి.
చూపు తగ్గిన మనిషా,
చలికి వేళ్ళు కొంకర్లు పోయిన మనిషా?
అడుగున కత్తితో చెక్కిన రెండక్షరాలు.
మా మనవరాలు చదివి, పేరు కాదు, పొడి అక్షరాలంది.
ముక్కకింత అని వాళ్ళకీ లెక్కేనా?
దారం తూకం తగ్గితే
వాళ్ళనీ దొంగల్ని చూసినట్టే చూశారా?
కార్ఖానా తలుపేసిన రోజు
దీన్ని చేతుల్లోంచి ఎవరు దింపారు?

నా సూది తీసి ఒక బెజ్జంలో పెట్టాను.
ఇట్టే దిగింది.

మొదటి డజనులో నాలుగు వెనక్కొచ్చాయి.
"ఎడమ పక్క ఉబ్బు" అని చీటీ.
"ఏంటత్తా ఇది, కొయ్యకి లేని బొడిపె
టోపీకెక్కడిది?" అన్నాడు ధనరాజు.
నవ్వొచ్చింది. చెప్పలేదు.
మూడు విప్పేశాను.
విప్పిన దారం వంకీలు వంకీలుగా పడుంది,
ఎంత లాగినా తిన్నగా ఉండనంటుంది.

నాలుగోది కొయ్యతలకే తొడిగి
ఎడమ పక్కన పాత గుడ్డ ఉండచుట్టి దూర్చాను.
సరిపోయింది.
నూకాలు చూసింది, ఏమీ అనలేదు.
అరుగు దిగిపోతూ మాత్రం
"బీడీ ఒకటి తక్కువైందే" అంది.

ఇప్పుడు పదకొండో వరస వచ్చినప్పుడల్లా
గట్టిగా, బయటికే లెక్కపెడతాను,
చెయ్యి దానంతటది పోకుండా.