కుర్చీ జరిగిన దూరం

పుంతా అరేనాస్‌లో గాలి ముదిరిన రోజున
వీధి మూలల్లో తాళ్లు కడతారు,
మనుషులు పట్టుకుని నడవడానికి.
ఆ తాళ్లు పట్టుకునే వచ్చారు తల్లీ కూతురూ
మా క్లినిక్‌కి, మొదటి మంగళవారం.

యాస్నాకి ఎనిమిదేళ్లు.
ఇంట్లో ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదట.
చెల్లితో, కుక్కతో,
రేడియోలో వాతావరణం చెప్పే ఆయనతో కూడా
వాదన పెట్టుకుంటుందట.
బడి గేటు దాటితే మాత్రం
గొంతు బయటే ఆగిపోతుంది,
తాళం వేసిన సైకిల్‌లా.
రెండేళ్లుగా టీచరుకి ఆ గొంతు తెలియదు.
ఒకసారి తలుపు సందులో వేలు నలిగితే
ఏడుపు కూడా
చప్పుడు లేకుండానే ఏడ్చిందట.

పొగరన్నారు కొందరు.
పెద్దయితే అదే పోతుందన్నారు.
మౌనం అర్ధాంగీకారమంటారు కదా,
ఈ మౌనంలో ఎంత ఒప్పుకోలేనితనం ఉందో
ఎవరూ తవ్వి చూడలేదు.
అమ్మమ్మ, చిలోయె ద్వీపం మనిషి,
పాత చర్చి గంటను బోర్లించి
అందులో పట్టిన వాననీళ్లు తాగించింది.
నేను నవ్వలేదు.
ప్రేమ చేతికందిన పాత్రతోనే ముంచుతుంది.

మా దగ్గరున్నదీ పెద్ద మంత్రమేం కాదు.
ఒక గది. ఒక లూడో పెట్టె. ఒక కుర్చీ.
ఎన్నో ఊళ్లలో, ఎందరో పిల్లలతో
చేసి, చూసి, లెక్కరాసి,
తప్పయిన చోట కొట్టేసి మళ్లీ రాసిన పద్ధతి:
గదిలో తల్లితో పిల్ల ఆడుకోవాలి.
నేను వరండా చివర కూర్చోవాలి,
ఏమీ వినపడనంత దూరంలో.
వారానికి కొంచెం కుర్చీ జరపాలి.
అడగకూడదు. బతిమాలకూడదు.
మాట రాగానే చప్పట్లు
అసలే కొట్టకూడదు.

పదకొండు మీటర్లు. తొమ్మిది. ఆరు.
నాలుగో వారం తలుపు దాకా వచ్చాను,
లోపల గుసగుస ఆగిపోయింది.
మళ్లీ వెనక్కి, ఏడుకి.

"వెనక్కెందుకు?" అంది ఎల్విరా.
పీతలు ఒలిచే ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ఆమెది,
వేళ్ల కొసల నిండా గాట్లు.
"ఎంత దూరమో భయమే చెప్పింది" అన్నాను.
నమ్మిందో లేదో,
బస్సు టైమైందని లేచింది.

నిరుడు ఇదే గదిలో, ఇదే కుర్చీతో
ఇగోర్ అనే పిల్లాడికి ఫలించలేదు.
అతని కాగితం నా సొరుగులో ఉంది.
గీత పైకి లేవనే లేదు,
మంచు మీద చక్రం జాడలా
అడ్డంగానే సాగిపోయింది.
పద్ధతిని నమ్మడమంటే
ఆ కాగితాన్ని చింపకపోవడం కూడా.

తొమ్మిదో వారం గదిలో ఉన్నాను,
వాళ్లకి వీపు పెట్టి, గోడతో స్నేహంగా.
పదకొండులో పక్కకి తిరిగాను.
పదమూడో వారం బల్ల దగ్గర మూడో మనిషిని.
రేకు కప్పు మీద గాలి గోళ్లతో గీరుతోంది.
ఎరుపు యాస్నాది. పసుపు నాది.
నాకు ఐదు పడింది.
నిజంగా పొరపాటే, ఆరు గడులు జరిపాను.

"ఐదే."

గిన్నె కింద పెట్టినంత మామూలుగా.
ఎల్విరా చేతిలో టీ కప్పు
పెదవికి ఇవతలే నిలిచిపోయింది.
నేను కాయని ఒక గడి వెనక్కి తీశాను.
"అవును, ఐదే."
ఆ తర్వాతి పందెంలోనే
నా కాయని చంపి ఇంటికి పంపింది,
ఏ మాత్రం జాలి లేకుండా.

వాళ్లు వెళ్లాక రాసుకున్నాను:
నాలుగూ ఇరవై. ఒక మాట.
తల్లి ఎదుట. బడిలో ఇంకా లేదు.
కింద, నా కోసం, పెన్సిల్‌తో:
బడి వరండా పొడవెంతో కొలవాలి.
టేపు మరిచిపోకూడదు.