నేల ఎత్తు

సోమవారం సాయంత్రం తలుపులు మూశాక
టాస్మేనియాలో ఓ చిన్న ఊరి లైబ్రరీ వెనక గదిలో
నలుగురం, చల్లారిన టీ, ఒక తెల్లకాగితం.
దాని మీద మెరిడీ గుండ్రటి రాత:
"మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ పిల్లలకు: అడవి, అక్షరం."
ఆ కిందంతా ఖాళీ.

నేనే తొందరపడ్డాను.
"గమ్ చెట్ల కింద దుప్పట్లు పరుద్దాం,
పిల్లలు నేల మీద కూర్చుంటారు,
ఆకులు ఏరుకుంటారు, మనం కథ చదువుదాం."
"మరి ఫింటన్?" అంది మెరిడీ.
వాడి చక్రాల కుర్చీ నేలకు దిగదు.
"పక్కనుంచి చూస్తాడుగా" అన్నాను.

ఆ మాట ఇంకా ఆ గదిలోనే ఉంది.
కిటికీ ఎన్నిసార్లు తెరిచానో, పోలేదు.

మెరిడీ నన్నేమీ అనలేదు.
సొరుగులోంచి కొలత టేపు తీసి
కుర్చీ చేతుల దాకా ఎంతో లెక్కేసి
కాగితం మీద ఒక అంకె రాసింది.
"వాడు దిగలేకపోతే
నేలనే పైకెక్కిద్దాం."

మున్సిపల్ వడ్రంగి బారట్ వచ్చి
ఎవరూ తీయని చట్టాల పుస్తకాల అర విప్పదీసి
తొట్టి కట్టాడు.
డెబ్బై సెంటీమీటర్ల ఎత్తున ఇప్పుడు మాకో నేల ఉంది,
దాని కింద మోకాళ్ళకు చోటుంది.
నల్లమట్టి, తడినాచు, చెట్లు విడిచిన బెరడు,
ఏటి గులకరాళ్ళు రెండు బకెట్లు.

ఓడెట్‌కి చూపు లేదు.
ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని
"ఈ చెట్టుకి జలుబు చేసింది,
దగ్గుమందు తాగింది" అంది.
ఆ రోజు పాఠం అదే అయింది, మేం అనుకున్నది కాదు.

జారా చప్పట్లు వింటే బల్ల కిందకి దూరతాడు.
చప్పట్లు కొట్టేశాం, అంటే జాబితాలోంచి.
చెవులు వినిపించని గారిక్, ఎనిడ్ వాళ్ళ నాన్న,
రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడించి చూపాడు.
ఇప్పుడు కథ అయిపోగానే
గదినిండా చడీచప్పుడూ లేని గాలి వీస్తుంది,
అన్ని కొమ్మలూ ఊగుతాయి.
జారావి అందరికంటే ముందు.

ఇన్ని రాసుకున్నా
ధన్‌మాయకు ఏ గడీ గీయలేదు మేం.
మనవడి కోటు చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడేది.
"అమ్మమ్మకి చదువు రాదట, బయట ఉంటుందట"
అని నాలుగేళ్ళ నిమేష్ తర్జుమా చేశాడు.
మూడోవారం మట్టి వాసనకే వచ్చిందో, మరెందుకో,
లోపలికొచ్చి తొట్టిలో వేలు గుచ్చి
ఇటు చివర్నించి అటు చివరికి తిన్నగా ఒక సాలు తీసింది.
కొంగు ముడి విప్పి ఆవాలు జారవిడిచింది.
ఎడమ నుంచి కుడికి.
మేం ముగ్గురం మొహాలు చూసుకున్నాం:
రెండు నెలలుగా పిల్లలకెలా చెప్పాలా అని తన్నుకుంటున్న సంగతి
ఆమె వేలికి ఎప్పుడో వచ్చు.

ఆ వారం ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ
తమ పేరులోని తొలి అక్షరాన్ని విత్తారు.
ఐదోరోజుకి అక్షరాలు పచ్చగా లేచాయి,
కొన్ని కుంటుతూ, కొన్ని పక్కవాడి మీద వాలి.
ఓడెట్ వేళ్ళతో నిమిరి
"నాది గుండ్రంగా ఉంది, మధ్యలో ఏమీ మొలవలేదు" అని
మూడుసార్లు అందరికీ చెప్పింది.

మర్నాడు ఎనిడ్ ఏడుపు.
నాలుగు గీతల అక్షరం ఆమెది.
రాత్రికి రాత్రి ఓ నత్త వచ్చి
అడుగు గీత పూర్తిగా మేసిపోయింది.
వెండి జాడ ఒక్కటే మిగిలింది.
ఫింటన్ కుర్చీ దగ్గరికి తోసుకొచ్చి తొంగిచూశాడు.
వాడికింకా చదవడం రాదనే అనుకుంటున్నాం.
"ఇది నాదీ!" అని అరిచాడు.
"నత్త నా పేరు రాసింది!"

ఎనిడ్ ఏడుపు ఆపలేదు, ఆ మాట కూడా రాయాలి.
కానీ ఒక్క గీత తేడాతో
తనూ ఫింటనూ ఇరుగుపొరుగని
ఆమెకీ ఆ పూటే తెలిసింది.

కౌన్సిల్‌కి నివేదిక పంపాలి.
"బోధకుల పేర్లు" అన్నచోట
మెరిడీ మా నలుగురివీ రాసింది,
ధన్‌మాయ పేరు రాసి అక్షరాలు సరిచూసుకుంది.
తర్వాత నేను కలం తీసుకుని
నత్త అని చేర్చాను.
కొట్టేస్తారేమో.
వచ్చే నెలకు ఆవాలు కొనాలి, ఇంకో అరకిలో.